మరపు మొదలగు చోటు

మన ఇండ్లలో పెద్దల మరపునకు పేర్లు పెక్కు గలవు. చాదస్తమందురు, మతిమరుపందురు, వయసు మీదపడినదందురు. కన్నడ సోదరులు ‘అరవత్తక్కె అరళు మరళు’ అని సామెత చెప్పుదురు. అరువదేండ్లు నిండగానే బుద్ధి తడబడునని దాని తాత్పర్యము. తరతరములుగా బెంగుళూరున స్థిరపడిన తెలుగువారము ఆ సామెతను మన సొంతము చేసికొని వాడుకొనుచున్నాము. ఇట్టి మాటలలో ఎగతాళి కంటె వాత్సల్యమే ఎక్కువ. కాని వాత్సల్యము కూడ ఒక్కొక్కప్పుడు కన్నులను కప్పును. ముదిమి వేరు, వ్యాధి వేరు.

చారులో ఉప్పు వేయ మరచుట ముదిమి; ఏబది యేండ్లు కాచిన చారునకు పొయ్యి మీద మొదట ఏది పెట్టవలయునో తెలియక నిలిచిపోవుట వ్యాధి. పెండ్లిలో కనబడిన బంధువు పేరు చప్పున తట్టకుండుట ముదిమి. తాను ఆ పెండ్లికి పోయి వచ్చిన సంగతియే ఎరుగకుండుట వ్యాధి. ఈ రెండవ తరగతి మరపును వైద్యులు డిమెన్షియా అందురు. అందు తరచుగా కనబడునది అల్జీమర్స్ వ్యాధి. 2023లో ప్రకటింపబడిన ఒక దేశవ్యాప్త అధ్యయనము ప్రకారము, భారతదేశమున అరువదేండ్లు పైబడినవారిలో నూటికి సుమారు 7.4 మంది, అనగా ఇంచుమించు 88 లక్షల మంది, డిమెన్షియాకు లోనైయున్నారు. ఈ లెక్కను బట్టి చూడగా, పెద్దలున్న ఏ కుటుంబమునకును ఇది పరాయి విషయము కాదు.

ఆ మరపు మెదడులో ఎచ్చట, ఎట్లు మొదలగునో మా శక్తి కొలది వివరించుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఆ చోటు తెలిసినచో, అట్టి పెద్దలతో మనము మెలగవలసిన తీరు కూడ కొంత తెలియునని మా నమ్మకము.

ఈ వ్యాధిని మొదట వర్ణించినవాడు అలోయిస్ అల్జీమర్ అను జర్మను వైద్యుడు. 1901లో ఫ్రాంక్‌ఫర్టు నగరపు వైద్యశాలకు ఆగస్టె డీటర్ అను ఏబదియొక్క యేండ్ల స్త్రీని తీసికొనివచ్చిరి. ఆమె తన పేరు వ్రాయబోయి నడుమ మరచిపోవుచుండెను. 1906లో ఆమె మరణింపగా, అల్జీమర్ ఆమె మెదడును సూక్ష్మదర్శినిలో పరిశీలించెను. నాడీకణముల నడుమ ఏదియో పదార్థము పేరుకొని ఫలకములుగా ఏర్పడియుండెను. కణముల లోపల దారపు చిక్కుల వంటివి కనబడెను. ఆ యేడు నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ నగరమున జరిగిన వైద్యుల సభలో ఆయన ఈ సంగతి వెల్లడించెను.

ఫలకములలోని ఆ పదార్థము పేరే ఎమిలాయిడ్. గంజి వంటిదని ఆ మాటకు అర్థము. అయోడిను తగిలినప్పుడు గంజి వలె రంగు మారుటచే పందొమ్మిదవ శతాబ్ది వైద్యులు ఆ పేరిడిరి. తరువాత అది గంజి కాదు, మాంసకృత్తు అని తేలినది. పేరు మాత్రము నిలిచిపోయినది.

మన నగరమున ఈ విషయమును కన్నులార చూచి తెలిసికొనుటకు వీలైన చోటొకటి కలదు. హోసూరు రోడ్డునకు చేరువనున్న నిమ్హాన్స్ సంస్థలో 1995లో డాక్టర్ ఎస్.కె. శంకర్ గారి ఆధ్వర్యమున మానవ మస్తిష్క నిధి ఏర్పడినది. మరణించినవారి మెదళ్లను బంధువులు దానమీయగా, వానిని భద్రపరచి పరిశోధకులకు అందజేయుట ఆ నిధి చేయు పని. దానికి అనుబంధముగా ప్రజలు చూడదగిన ప్రదర్శనశాల కూడ కలదు. మేము అచటికి పోయినప్పుడు నిజమైన మానవ మస్తిష్కమును చేతిలో నుంచిరి. బరువు కిలోకు పై మాట, కిలోన్నరకు లోపు. ఒక మనుష్యుని భాష, బంధుత్వము, కోపము, భక్తి సర్వమును ఆ దోసెడు పదార్థములో ఇమిడియుండెనను తలపుతో మాకు కొంతసేపు నోట మాట రాలేదు. వ్యాధి ముదిరినవారి మెదడు అక్రోటుకాయ వలె కుదించుకొనిపోవునని అచటివారు చెప్పిరి. కాని ఆ కుదింపు వ్యాధి చివరి దశ. మొదటి దశ ఎట్టి కంటికిని అందనిది.

మానవ మస్తిష్కమున సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవని లెక్క. అవి ఒకదాని నొకటి అంటుకొనియుండవు. ఒక కణపు కొనకును మరియొక కణపు అంచునకును నడుమ మిక్కిలి సన్నని ఎడముండును. దాని వెడల్పు సుమారు 20 నానోమీటర్లు. తలవెండ్రుక మందమును కొన్ని వేల భాగములు చేసినచో అందొక భాగమెంతయో అంత. రెండు కణములు కలిసికొను ఈ చోటునే ఆంగ్లమున సినాప్స్ అందురు. మనము నాడీసంధి అనవచ్చును. ఇట్టి సంధులు ఒక్క మెదడులో లక్షల కోట్లు కలవు.

సంధిలో జరుగు పని ఇది. ఈవలి కణము గ్లూటమేట్ వంటి వార్తాహర రసాయనమును ఎడములోనికి విడుచును. ఆవలి కణపు ఒడ్డున దానిని అందుకొనుటకు గ్రాహకములుండును. గ్రాహకమనగా తలుపు వంటి మాంసకృత్తు. గ్లూటమేట్‌ను అందుకొను తలుపులలో ముఖ్యమైనవి రెండు రకములు. ఆంపా గ్రాహకము వార్త తగిలిన వెంటనే తెరచుకొనును. ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకమునకు మెగ్నీషియముతో వేసిన గడియ కలదు. ఇరుప్రక్కల కణములు ఏకకాలమున మేల్కొనినప్పుడే ఆ గడియ ఊడును. అప్పుడు కాల్షియము లోనికి వచ్చి, ‘ఈ దారి ముఖ్యమైనది, దీనిని బలపరచుము’ అని కణమునకు చెప్పినట్లగును. కణము మరికొన్ని ఆంపా తలుపులను ఆ ఒడ్డునకు పంపును. ఒడ్డుననున్న మొగ్గ వంటి పొడుపు బలిసి స్థిరపడును. నాడీసంధి ఇట్లు చాలసేపు బలపడియుండుటను 1973లో బ్లిస్, లోమో అను శాస్త్రజ్ఞులు కుందేళ్ల మెదడులో నిరూపించిరి. మనము నేర్చిన పద్యము, గుర్తుపట్టిన ముఖము, తెలిసిన వీధి ఇట్టి సంధుల బలిమి మీదనే ఆధారపడియున్నవి.

ఇక ఎమిలాయిడ్ మాట. నాడీకణపు పొరలో సహజముగానే ఒక పెద్ద మాంసకృత్తు కలదు. ఎంజైములు దానిని రెండుచోట్ల కత్తిరించినప్పుడు 40 లేక 42 అమైనో ఆమ్లముల తునకలు పుట్టును. ఇవి ఆరోగ్యవంతుల మెదడులో కూడ పుట్టి ఎప్పటికప్పుడు తొలగిపోవుచుండును. తొలగుట తగ్గి పుట్టుట హెచ్చినప్పుడు, ముఖ్యముగా 42 ఆమ్లముల తునకలు, రెండు మూడు మొదలు పదుల వరకు గుంపులుగా కూడును. ఈ చిన్న గుంపులు ఇంకను కరగి తేలియాడుచునే యుండును. అవియే మరి మరి కూడి గట్టిపడి అల్జీమర్ చూచిన ఫలకములగును.

చాలకాలము అందరి దృష్టియు ఫలకముల మీదనే యుండెను. కాని మరపు తీవ్రతకును ఫలకముల లెక్కకును పొత్తు సరిగా కుదరలేదు. మెదడు నిండ ఫలకములుండియు చివరివరకు తెలివిగానున్న వృద్ధులు కొందరు కనబడిరి. 1991లో రాబర్ట్ టెర్రీ మొదలగువారు మెదళ్లను పరిశీలించి, మరపు తీవ్రతకు మిక్కిలి దగ్గరగా సరిపోవునది నాడీసంధుల నష్టమేయని చూపిరి. 2002లో డెనిస్ సెల్కో ఈ వ్యాధిని నాడీసంధుల వైఫల్యముగనే వర్ణించెను. కోలారు సీమ చెరువులు ఎరిగినవారికి ఇది బోధపడుట కష్టము కాదు. చెరువు పూడిపోవుటకు ఎంతో ముందే తూము దగ్గర ఒండ్రు చేరినచో పొలమునకు నీరు పారదు. చెరువులో నీరున్నది, పొలము మాత్రము ఎండుచున్నది.

తూము దగ్గర ఏమి జరుగునో పరిశోధకులు కొంతవరకు కనిపెట్టిరి. ఎమిలాయిడ్ చిన్న గుంపులు సంధి ఒడ్డున గల పలు మాంసకృత్తులకు అంటుకొనును. వాడిన గ్లూటమేట్‌ను తిరిగి ఎత్తిపోయు ఏర్పాటు మందగించుటచే అది సంధి వెలుపలికి పొంగి, అచటి ఎన్.ఎమ్.డి.ఎ. గ్రాహకములను అకాలమున తట్టిలేపును. సమయమునకు వెల్లువగా రావలసిన కాల్షియము సన్నని ధారగా ఎడతెగక కారుట మొదలిడును. వెల్లువ ‘బలపరచుము’ అని చెప్పగా, ఈ సన్నని ధార ‘తగ్గించుము’ అని చెప్పును. కణము ఆ మాట విని ఆంపా తలుపులను ఒడ్డు నుండి లోపలికి లాగికొనును. మొగ్గ కుదించుకొనిపోవును. తుదకు మెదడులో పారిశుద్ధ్యపు పని చేయు మైక్రోగ్లియా కణములు, బలహీనపడిన సంధిని చెత్తగా నెంచి తొలగించుటయు కలదు. ఇంత జరిగినను నాడీకణము ఇంకను చావలేదు. అది బ్రదికియే యున్నది. దానికి వచ్చు వార్త మాత్రము అందుట లేదు. కణముల మరణము తరువాతి సంగతి. ఎమిలాయిడ్ చేరుట మొదలైన పదునైదు ఇరువది యేండ్లకు గాని లక్షణములు బయటపడకపోవచ్చునని నేటి శాస్త్రజ్ఞుల అంచనా.

ఈ విషయమున మన బెంగుళూరు పరిశోధకుల పాలు తక్కువ కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివి, మైసూరు విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొంది, 1986లో నిమ్హాన్స్‌లో చేరిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారు తరువాత భారతీయ విజ్ఞాన సంస్థలో మస్తిష్క పరిశోధనకు నాయకత్వము వహించిరి. సంధి మొగ్గకు లోపల పందిరిరాట వలె నిలిచియుండు ఆక్టిన్ అను మాంసకృత్తు దారములను వారి బృందము పరిశీలించెను. ఈ వ్యాధి లక్షణములు కలుగునట్లు పెంచిన చిట్టెలుకలలో, ఒక నెల వయసుననే, ఫలకములు పుట్టుటకు ఎంతో ముందే, ఆ దారములు విడిపోవుచున్నవని 2018లో వారు ప్రకటించిరి. దారములను నిలకడపరచు పదార్థము నిచ్చినప్పుడు ఎలుకల జ్ఞాపకము మెరుగుపడెను. అంతకుముందు 2012లో వారే, మన పెద్దలు పెన్నేరు అని పిలుచు అశ్వగంధపు వేరుసారమును ముప్పది దినములు ఇచ్చినచో ఇట్టి ఎలుకలలో ఎమిలాయిడ్ తగ్గినదనియు, ఆ గుణము కాలేయము ద్వారా కలిగినదనియు చూపిరి. ఇది విని ఎవరును అంగడికి పరుగెత్తవలదు. ఎలుకకు పనిచేసిన మందు మనిషికి పనిచేయునని చెప్పుటకు వేరుగా పరీక్షలు కావలయును.

భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని మస్తిష్క పరిశోధన కేంద్రమువారు 2018లో మరియొక గొప్ప ప్రయత్నమునకు పూనుకొనిరి. కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా పల్లెలలో నలువదియైదేండ్లు దాటిన పదివేల మందిని చేర్చుకొని, ఏండ్ల తరబడి వారి ఆరోగ్యమును, జ్ఞాపకమును గమనించుట దాని సంకల్పము. శ్రీనివాసపురమన్న మామిడిపండ్లు మనకు జ్ఞప్తికి వచ్చును. ఆ సీమలో కన్నడముతోపాటు తెలుగు కూడ ఇంటి భాషయే; కైవార నారాయణ తాతయ్యగారు రెండు భాషలందును తత్త్వములు చెప్పిన దేశమది. మన బెంగుళూరు తెలుగు కుటుంబములలో ఎన్నింటికో వేళ్లు ఆ ప్రాంతముననే యున్నవి. మన అవ్వలు తాతలు పుట్టిన పల్లెల నుండియే ఈ వ్యాధిని గూర్చిన క్రొత్త జ్ఞానము రాబోవుచున్నది.

మా మేనత్తగారు అట్టి పల్లెలో పుట్టినవారే. పెండ్లియై బెంగుళూరు వచ్చి, మల్లేశ్వరమున ఏబదియేండ్లకు పైగా సంసారము చేసిరి. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, ప్రక్కయింటివారితో అరవము మాటలాడుచు, దేనికిని తడుముకొనని మనిషి. డెబ్బది నాలుగవ యేట వ్యాధి బయటపడెను. మొదట ఆనాటి సంగతులు, పిమ్మట ఆ యేటి సంగతులు పోయెను. అరవము పోయెను. తరువాత కన్నడము సన్నగిల్లెను. ఒక వైద్యశాలలో కన్నడమున ప్రశ్నలడుగగా ఆమె తలవంచుకొని ఊరకుండిరి. కాగితముపై సున్నలు పడెను. మరియొకనాడు తెలుగు తెలిసిన ఒక చిన్న వయసు వైద్యురాలు చేయి పట్టుకొని, “అవ్వా, మీ ఊళ్లో సంత ఏ వారం జరిగేది?” అని అడుగగా, వారము చెప్పుటయే గాక, సంతకు ఏ ఎడ్లబండిలో పోయెడివారో కూడ చెప్పిరి. ఆనాటి తేది మాత్రము ఏ భాషలోను చెప్పలేకపోయిరి. ఉదయము ఏమి తినిరో తెలియదు. గజేంద్రమోక్షము పద్యములు వరుస తప్పక చదివెడివారు.

ఇది వింతగా తోచును గాని, పైన చెప్పిన విషయము తెలిసినచో వింత లేదు. క్రొత్త జ్ఞాపకములను కట్టు హిప్పోకాంపస్ అను భాగమున సంధులు తొలినాళ్లలోనే దెబ్బతినును. చిన్ననాట నేర్చి, వేలసార్లు పలికిన భాషయు పద్యములును మెదడులో పలుచోట్ల పలుసంధులతో అల్లుకొనియున్నవి. ఒక దారి మూతపడినను మరియొక దారి మిగిలియుండును. అందరిలోను ఇట్లే జరుగునని చెప్పరాదు. కాని పలుభాషలు నేర్చిన వృద్ధులలో కొందరు తొలిభాషకే మరలిపోవుట వైద్యులు గమనించినదే.

మాకు బాధ కలిగించినది అత్తగారి మరపు కంటె మరియొకటి. సాయంకాలము కాగానే ఆమె వాకిట నిలిచి మనుమనితో, “అబ్బీ, ఇది ఎవురిల్లురా? పొద్దు గూకతా ఉండాది, మనూరికి పోదాం పా” అనెడివారు. ఆ పిల్లవాడు నెమ్మదిగలవాడు, అవ్వయన్న ప్రాణము. కాని వానికి వచ్చినది కన్నడము, ఇంగ్లీషు. “అవ్వా, ఇదే నమ్మ మనె” అని వాడు ఎంత ప్రేమతో చెప్పినను ఆమెకు అందెడిది కాదు. పరాయివానిని చూచినట్లు చూచి మొగము త్రిప్పుకొనెడివారు. వాడు లోపలికి పోయి కన్నీరు తుడుచుకొనుట మేము చూచితిమి. చింతామణి వైపు నుండి వచ్చి ఇంటిపని చేయు ఆమె మాత్రము ప్రక్కన కూర్చుండి, “పోదాంలే పెద్దమ్మా, రొంత సేపు కూసో, సంగటి తిని పోదాం” అనగానే అత్తగారు శాంతించి భోజనమునకు లేచెడివారు. కన్నమనుమడు చేయలేని పనిని ఆ యిల్లాలు రెండు మాటలతో చేసెను. ఆమె వద్దనున్న మందు మన భాష తప్ప వేరేమియు కాదు.

భాషను గూర్చి మరియొక సంగతి కలదు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి గారు, వారి సహచరులు 648 మంది డిమెన్షియా రోగుల వివరములు పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒకే భాష తెలిసినవారి కంటె రెండు గాని అంతకు మించి గాని భాషలు వాడువారిలో వ్యాధి లక్షణములు సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడెను. చదువురాని వారిలో కూడ ఈ భేదము కనబడుట విశేషము. ఇతర దేశములలో జరిగిన పరిశోధనలన్నియు దీనితో ఏకీభవింపలేదు. బహుభాషాజ్ఞానము వ్యాధిని రాకుండ ఆపునని ఎవరును చెప్పలేదు. ఎమిలాయిడ్ చేరినను, ఎక్కువ దారులున్న మెదడు ఎక్కువ కాలము తట్టుకొనునని మాత్రము ఊహింపవచ్చును. అల్లాడి గారు తరువాత మన నిమ్హాన్స్‌కు వచ్చిరి. తెలుగు, కన్నడము, హిందీ, వంగభాష, మలయాళములలో జ్ఞాపకశక్తిని కొలుచు ప్రశ్నావళిని భారత వైద్య పరిశోధన మండలివారు సిద్ధపరచిరి. కనుక మన పెద్దలను పరీక్షకు తీసికొనిపోయినప్పుడు తెలుగున పరీక్షింపుడని అడుగుటకు మనము సంకోచింపనక్కరలేదు.

మందుల సంగతి దాపరికము లేక చెప్పవలయును. డోనెపెజిల్ ఎసిటైల్ కోలిన్ అను వార్తాహరమును త్వరగా నశింపకుండ కాపాడును, మెమాంటైన్ ఎన్.ఎమ్.డి.ఎ. తలుపుల అకాలపు తెరపిని కొంత అరికట్టును. ఇవి లక్షణములను కొంతకాలము ఉపశమింపజేయును గాని వ్యాధిని ఆపవు. ఎమిలాయిడ్‌నే తొలగించు లెకానెమాబ్ అను మందునకు 2023లో అమెరికా పూర్తి అనుమతి నొసగినది. పదునెనిమిది నెలల పరీక్షలో అది తొలిదశ రోగుల క్షీణతను సుమారు నూటికి 27 వంతులు నెమ్మదింపజేసెను. కొందరికి మెదడు వాచుట, రక్తము చిమ్ముట కూడ కలిగెను. పోయిన సంధిని తిరిగి తెచ్చు మందు ఇంకను లేదు. కనుక ఉన్న సంధులను కాపాడుకొనుటయే వివేకము. రక్తపుపోటు, మధుమేహము అదుపులో నుంచుట, చెవుడు వచ్చినచో యంత్రము పెట్టించుట, నడక, నలుగురితో కలసిమెలసియుండుట ఇందుకు తోడ్పడునని వైద్యులు నొక్కి చెప్పుచున్నారు.

చదువరులకు మా మనవి ఇంతే. మీ యింట పెద్దల మరపు ఉప్పు మరచు మరపు కాక, చారు మరచు మరపుగా తోచినచో సిగ్గుపడక, సామెత చెప్పి నవ్వక, వైద్యుని వద్దకు తీసికొనిపొండు. లోపల మనిషి పోలేదు. వార్త చేరుట లేదంతే. ఏ దారిన వార్త ఇంకను చేరునో వెదకుట మన విధి. పెద్దలు తెలివిగానున్నప్పుడే ఒక నోటుపుస్తకమున వారి ఊరిపేర్లు, తోబుట్టువుల ముద్దుపేర్లు, పాటలు, పద్యములు, వారి యాస మాటలు, వాని యర్థములు వ్రాసియుంచుడు. రేపు వారిని చూచుకొనువారికి అది ఆధారమగును. అన్నిటి కంటె ముఖ్యముగా, పిల్లలకు తెలుగు నేర్పుడు. కన్నడము మనకు అన్నము పెట్టు భాష. దానిని బాగుగ నేర్వవలసినదే. ఇంగ్లీషు ఎటులను వచ్చును. ఇంటిలో తెలుగు పలుకుటకు ఖర్చు లేదు. మన అవ్వలు ఏ వాకిట నిలిచి ఊరికి పోదమని పిలిచినను, వారికి అర్థమగు మాటతో బదులు పలుకగల మనుమడో మనుమరాలో ప్రతి యింట నుండుదురు గాక.